ఉమర్ తఖాజా అని వదిలేస్తున్న మర్జ్: సర్తాన్ తారీఖ్‌లో ఒక సవాల్



మన ఇళ్ళల్లో బుజుర్గులకి ఏ తక్లీఫ్ వచ్చినా ఒక మాట తయారుగా ఉంటుంది: ‘ఉమర్ కా తఖాజా హై’. వయసు తన బాకీ అడుగుతోంది అని అర్థం. మోకాళ్ళ నొప్పికీ ఆ మాటే, చూపు మసకబారినా ఆ మాటే. దాదీమా నోట్లో నెల రోజులుగా మానని పుండుకీ ఆ మాటే. మొదటి రెండింటికీ ఆ మాట సరిపోతుందేమో గానీ, మూడోదానికి మాత్రం అది ప్రాణం మీదికి తెస్తుంది.

క్యాన్సర్, అంటే ఉర్దూలో సర్తాన్, వయసుతో పాటు పెరుగుతుందన్నది నిజం. మరి వయసు జిస్మ్‌లో ఏం చేస్తే ఈ మర్జ్ పుడుతోంది? మన రోగనిరోధక శక్తి, హకీములు ఖువ్వత్ అని పిలిచేది, అప్పుడు ఏం చేస్తుంటుంది? నేను డాక్టర్ని కాను. తారీఖ్ మీద షౌఖ్ ఉన్నవాణ్ణి, అంతే. కానీ మా ఖాందాన్‌లో ముగ్గురిని ఈ మర్జ్ తీసుకుపోయింది. ముగ్గురి విషయంలోనూ ‘ఉమర్ తఖాజా’ అన్న మాట విన్నాను. అందుకే ఈ సవాలుకి మనిషి జవాబు ఎలా వెతుక్కుంటూ వచ్చాడో చదివి, మీ ముందు పెడుతున్నాను.

ఎండ్రకాయ పేరు పెట్టిన మర్జ్

అరబ్బీలో సర్తాన్ అంటే ఎండ్రకాయ. గ్రీకులో కార్కినోస్ అన్నా అదే. మన కర్కాటక రాశి కూడా అదే జంతువు. గడ్డ చుట్టూ ఉబ్బిన నరాలు ఎండ్రకాయ కాళ్ళలా కనిపించాయని పాతకాలపు హకీములు ఈ పేరు పెట్టారు. రెండో శతాబ్దపు గ్రీకు వైద్యుడు గాలెన్‌ని మనవాళ్ళు జాలీనూస్ అంటారు. ఒంట్లో నల్లపైత్యం, అంటే సౌదా, పేరుకుపోతే సర్తాన్ వస్తుందని ఆయన నమ్మాడు. బుఖారా దగ్గర పుట్టిన ఇబ్న్ సీనా (980-1037) తన ‘అల్-ఖానూన్ ఫిత్-తిబ్’లో ఆ మాటే చెప్పాడు. యూనానీ లెక్కలో సౌదా మిజాజ్ చల్లనిది, పొడిది. ముసలితనం మిజాజ్ కూడా చల్లనిది, పొడిదే. అంటే వయసుకీ ఈ మర్జ్‌కీ ఏదో రిష్తా ఉందని అనుకోవడానికి ఆ రోజుల్లోనే చోటుంది.

సౌదా నజరియా తప్పని తర్వాత తేలింది. కానీ ఆ హకీముల కళ్ళు తప్పు చూడలేదు. కుర్తుబా దగ్గర ఉండి జర్రాహీ మీద గొప్ప కితాబు రాసిన అజ్-జహ్రావీ (936-1013) దీని గురించి ఎంతో నిజాయితీగా రాశాడు. గడ్డ చిన్నగా, మొదట్లో ఉంటే, మొత్తం తీసెయ్యగలిగిన చోట ఉంటే కోసి తీసెయ్యమన్నాడు. పాతబడి పెద్దదైతే ముట్టుకోవద్దన్నాడు. అలాంటిదాన్ని తాను నయం చెయ్యలేకపోయాననీ, నయం చేసినవాళ్ళనీ చూడలేదనీ ఒప్పుకున్నాడు. ఇబ్న్ సీనా కూడా మొదట్లోనే, చుట్టూ ఉన్న భాగంతో సహా తియ్యాలన్నాడు. వెయ్యేళ్ళ క్రితమే ఇద్దరూ ఒక మాట మీద ఉన్నారు: ఈ మర్జ్‌లో వక్త్ అన్నిటికన్నా పెద్దది.

ఇక్కడ ఇంకో సంగతి. దవా చేయించుకోండి, అల్లాహ్ ప్రతి మర్జ్‌కీ షిఫా పెట్టాడు, ముసలితనానికి తప్ప అనే భావం ఉన్న హదీసు అబూ దావూద్, తిర్మిజీ సంకలనాల్లో ఉంది. చాలామంది ఇందులో చివరి ముక్కే గుర్తుపెట్టుకుంటారు. నాకు మొదటి ముక్కే హుకుంలా వినిపిస్తుంది. ముసలితనం ఒకటి, ముసలితనంలో వచ్చే మర్జ్ వేరొకటి. మొదటిదానికి ఇలాజ్ లేదు కదా అని రెండోదాన్ని వదిలెయ్యమని ఎవరూ చెప్పలేదు.

మానని జఖం

రోమన్ రచయిత సెల్సస్ రెండు వేల ఏళ్ళ క్రితం సోజిష్‌కి నాలుగు గుర్తులు చెప్పాడు: ఎరుపు, వాపు, వేడి, నొప్పి. వేలు తెగినప్పుడు మనకి కనిపించేవి ఇవే. ఇది జబ్బు కాదు, జిస్మ్ చేసే మరమ్మతు. ఖూన్‌లోని తెల్లకణాలు అక్కడికి పరిగెత్తి క్రిముల్ని చంపుతాయి, చచ్చిన కణాల్ని ఊడ్చేస్తాయి, కొత్త చర్మం అల్లుకునేలా చేస్తాయి. పని అయ్యాక వెనక్కి పోతాయి. వెనక్కి పోకపోతే ఏమవుతుంది? అసలు కథ అక్కడే మొదలైంది.

1828లో పారిస్ సర్జన్ మార్జోలిన్ పాత కాలిన మచ్చల మీద లేచే మొండి పుళ్ళ గురించి రాశాడు. అలాంటి పుళ్ళు క్యాన్సర్‌గా మారడాన్ని ఇప్పటికీ ఆయన పేరుతోనే పిలుస్తున్నారు. 1863లో బెర్లిన్ వైద్యుడు రుడాల్ఫ్ విర్హో ఒక అడుగు ముందుకు వేశాడు. గడ్డల లోపల తెల్లకణాలు గుంపుగా ఉండటం మైక్రోస్కోపులో చూశాడు. ఎక్కడైతే చాలా కాలం చిరాకు, మంట సాగుతుందో అక్కడే క్యాన్సర్ పుడుతుందన్నాడు. ఆ రోజుల్లో ఇది చాలామందికి ఎక్కలేదు. సాక్ష్యాలు మాత్రం ఒక్కొక్కటే దూరదూరాల నుంచి వచ్చాయి.

ఒక సాక్ష్యం మిస్ర్ నుంచి. 1851లో కైరోలో పనిచేస్తున్న జర్మన్ డాక్టర్ థియోడర్ బిల్హార్జ్ శవపరీక్షలో రక్తనాళాల్లో బతికే ఒక పురుగుని కనుగొన్నాడు. నైలు కాలవల నీళ్ళల్లో దిగి పని చేసే ఫల్లాహీన్‌లకి, అంటే రైతులకి, ఈ పురుగు చర్మంలోంచి లోపలికి పోయేది. దాని గుడ్లు మూత్రాశయం గోడలో ఇరుక్కుని ఏళ్ళ తరబడి మంట పెట్టేవి. మూత్రంలో ఖూన్ పడటం అక్కడ మామూలైపోయింది. 1911లో కైరోలోనే ఫెర్గూసన్ అనే డాక్టర్ ఆ పురుగుకీ మూత్రాశయపు క్యాన్సర్‌కీ సంబంధం ఉందని రాశాడు.

ఇంకోటి కశ్మీర్ నుంచి. అక్కడ చలికాలంలో సన్నని పుల్లలతో అల్లిన బుట్టలో మట్టికుండ పెట్టి, అందులో నిప్పులు పోసుకుని, ఫెరన్ లోపల పొట్టకి దగ్గరగా పట్టుకుంటారు. దాన్ని కాంగ్డీ అంటారు. 1866లో ఎల్మ్‌స్లీ అనే డాక్టర్, తర్వాత 1923లో శ్రీనగర్ మిషన్ దవాఖానా సర్జన్ ఎర్నెస్ట్ నీవ్ ఒక సంగతి రాశారు. కశ్మీరీలకి తొడల మీద, పొత్తికడుపు మీద చర్మ క్యాన్సర్ వస్తోంది. వేరే ముల్కుల్లో ఆ చోట్ల అది దాదాపు కనిపించదు. బచ్‌పన్ నుంచి కాంగ్డీ పట్టుకున్నవాళ్ళకి వయసు మళ్ళాక అది బయటపడేది.

మూడో సాక్ష్యం మన దగ్గరిదే. విశాఖపట్నం, శ్రీకాకుళం తీరాల్లో కొందరు ఆడవాళ్ళు చుట్టని వెలుగుతున్న కొస నోట్లో పెట్టుకుని కాలుస్తారు. దాన్ని అడ్డపొగ అంటారు. ఆ వేడి, ఆ పొగ నేరుగా అంగిలికి తగులుతాయి. అంగిలి మీద క్యాన్సర్ మామూలుగా అరుదు. ఆ ఊళ్ళల్లో మాత్రం అదే ఎక్కువ. ప్రపంచంలోని వైద్య కితాబులు అంగిలి క్యాన్సర్ గురించి చెప్పాలంటే మన ఉత్తరాంధ్ర ఆడవాళ్ళ ప్రస్తావన తేవాల్సిందే.

మూత్రాశయం, తొడ, అంగిలి. మూడు చోట్లా ఒకటే కథ: మంట ఆరదు, మరమ్మతు పూర్తవదు, ఏళ్ళు గడుస్తాయి. పొగాకులో విషాలు కూడా ఉంటాయి, అది వేరే గునాహ్. కాంగ్డీలో పొగాకు లేదు. అక్కడ నేరం ప్రధానంగా వేడిది, దాన్ని ఏళ్ళ తరబడి భరించిన చర్మానిది.

1986లో బోస్టన్ డాక్టర్ హెరాల్డ్ డ్వోరాక్ ఈ విషయాన్ని సూటిగా చెప్పాడు: గడ్డ అంటే మానని గాయం. గాయం మాన్పడానికి జిస్మ్ పంపే సామానే, అంటే కొత్త రక్తనాళాలు, పెరగమని చెప్పే సంకేతాలు, గడ్డ కూడా వాడుకుంటుందని ఆయన గమనించాడు.

వయసు లెక్క

ఇప్పుడు ఉమర్ సంగతి. 1954లో లండన్‌లో పీటర్ ఆర్మిటేజ్, రిచర్డ్ డాల్ క్యాన్సర్ మరణాల లెక్కల్ని వయసు ప్రకారం పేర్చి చూశారు. చాలా రకాల క్యాన్సర్లు వయసు ఆరో ఘాతం లెక్కన పెరుగుతున్నాయి. అంటే వయసు రెట్టింపైతే ముప్పు 64 రెట్లు. 30 ఏళ్ళవాడికీ 60 ఏళ్ళవాడికీ మధ్య తేడా అంత.

ఆ లెక్క వెనక వాళ్ళు చదివిన అర్థం ఇది. మంచి కణం ఒక్క దెబ్బతో చెడిపోదు. ఆరేడు తప్పులు ఒకే కణం వంశంలో ఒకదాని మీద ఒకటి పడాలి. ఒక్కో తప్పుకి ఏళ్ళు పడుతుంది. అందుకే ముసలితనంలో ఎక్కువ. తర్వాత జన్యువుల ఇల్మ్ పెరిగాక మెట్ల సంఖ్య ఒక్కో క్యాన్సర్‌కి ఒక్కోలా ఉందని తెలిసింది గానీ, మెట్లు ఉన్నాయన్న మాట నిలబడింది.

ఈ లెక్కకీ మానని జఖానికీ జోడు ఇక్కడ కుదురుతుంది. మంట ఉన్నచోట చచ్చిన కణాల బదులు కొత్తవి పుడుతూనే ఉండాలి. కణం రెండుగా చీలిన ప్రతిసారీ లోపలి కితాబుని నకలు తియ్యాలి. ఎక్కువ నకళ్ళు తీస్తే ఎక్కువ గల్తీలు. పైగా క్రిముల్ని చంపడానికి తెల్లకణాలు వదిలే ఘాటైన రసాయనాలు పక్కనున్న మంచి కణాల కితాబుని కూడా చెరుపుతాయి. అంటే మంట వయసు లెక్కని తొందర పెడుతుంది. నలభై ఏళ్ళ గుట్కా నోటి చర్మానికి, ఆ మనిషి అసలు వయసుకన్నా ఎక్కువ వయసు వచ్చేస్తుంది.

చౌకీదార్లు

మరి చౌకీదార్లు ఏం చేస్తున్నట్టు? 1909లో జర్మన్ శాస్త్రవేత్త పాల్ ఎర్లిక్ ఒక ఖయాల్ చెప్పాడు. మన ఒంట్లో చెడ్డ కణాలు తరచూ పుడుతూనే ఉంటాయి, రోగనిరోధక శక్తి వాటిని ఎప్పటికప్పుడు తుడిచేస్తుంది, లేకపోతే క్యాన్సర్ ఇంకా ఎంతో ఎక్కువ ఉండేది అని. 1950లలో ఆస్ట్రేలియాలో మాక్‌ఫార్లేన్ బర్నెట్, అమెరికాలో లూయిస్ థామస్ దీన్నే పహరా అన్నారు.

దీని మీద బహస్ చాలా ఏళ్ళు నడిచింది. 1974లో ఒసియాస్ స్టుట్‌మన్ అనే శాస్త్రవేత్త, థైమస్ లేకుండా పుట్టిన ఎలుకలకి మామూలు ఎలుకల కన్నా ఎక్కువ గడ్డలు రావట్లేదని చూపించాడు. పహరా మాట అక్కడితో ఖతం అనుకున్నారు. మనుషుల్లో మాత్రం వేరే కథ కనిపిస్తోంది. కిడ్నీ మార్పిడి చేయించుకున్నవాళ్ళు కొత్త కిడ్నీని ఒళ్ళు తిప్పికొట్టకుండా నిరోధక శక్తిని అణిచే మందులు వాడాలి. అలాంటివాళ్ళలో వస్తున్న క్యాన్సర్లన్నిటినీ డాక్టర్ ఇజ్రాయెల్ పెన్ 1968 నుంచి అమెరికాలో ఒక రిజిస్టర్‌లో రాయించాడు. చర్మ క్యాన్సర్లు, లింఫోమాలు వాళ్ళకి బాగా ఎక్కువ. చౌకీదార్లని నిద్రపుచ్చితే దొంగలు పెరిగారు. 2001లో రాబర్ట్ ష్రైబర్ బృందం, టి-కణాలు, బి-కణాలు లేని ఎలుకల మీద మళ్ళీ పరీక్ష చేసి పహరా నిజమేనని తేల్చింది. స్టుట్‌మన్ ఎలుకల్లో కొంత నిరోధక శక్తి మిగిలి ఉందని అప్పటికి తెలిసిపోయింది. ఆ పహరాకి గడ్డ వేసే కళ్ళెం ఎలా విప్పాలో కనిపెట్టినందుకు జేమ్స్ ఆలిసన్, తసుకు హోంజో 2018లో నోబెల్ అందుకున్నారు.

వయసు ఈ పహరాని రెండు వైపుల నుంచి దెబ్బ తీస్తుంది. ఒకటి, కొత్త సిపాయీలు తగ్గిపోతారు. రొమ్ము ఎముక వెనక థైమస్ అనే గ్రంథి ఉంది. టి-కణాలకి తాలీమ్ అక్కడే. ఆ సంగతి 1961లో జాక్ మిల్లర్ కనిపెట్టాడు. ఈ మద్రసా యవ్వనం నుంచే చిన్నదైపోతూ వస్తుంది, ముసలితనానికి చాలావరకు కొవ్వుగా మారిపోతుంది. రెండోది, పాత కణాలు. మన కణాలు కొన్ని డజన్ల సార్లు చీలి ఆగిపోతాయని 1961లో లెనార్డ్ హేఫ్లిక్ చూపించాడు. అలా ఆగిన కణాలు చావకుండా కూర్చుని మంట పుట్టించే రసాయనాలు చిమ్ముతుంటాయని 2008లో జుడిత్ కాంపిసీ బృందం రాసింది. 2000లో ఇటలీ శాస్త్రవేత్త క్లౌడియో ఫ్రాన్సెస్కీ, వయసుతో ఒళ్ళంతా సన్నగా రాజుకుంటూ ఉండే ఈ మంటకి ఒక పేరే పెట్టాడు. జ్వరం ఉండదు, నొప్పి ఉండదు. బూడిద కింద నిప్పులా ఉంటుంది.

కాబట్టి ఉమర్ తఖాజా అంటే అసలు అర్థం ఇదీ: తప్పులు పోగుపడ్డాయి, పహరా పల్చబడింది, మంట ఆరడం లేదు. ఇందులో మొదటిది మన చేతిలో కొంచెమే ఉంది. మూడోది మాత్రం చాలావరకు మన చేతిలోనే ఉంది.

మంట ఆర్పితే ఏమైంది?

ఇది ఖాళీ నజరియా కాదు. ఆర్పి చూశారు.

1982లో ఆస్ట్రేలియాలో బారీ మార్షల్, రాబిన్ వారెన్ కడుపులో బతికే హెలికోబాక్టర్ అనే క్రిమిని పట్టుకున్నారు. ఎవరూ నమ్మకపోతే 1984లో మార్షల్ ఆ క్రిముల్ని తానే తాగి కడుపు మంట తెచ్చుకున్నాడు. అది ఏళ్ళ తరబడి ఉండిపోతే కడుపు క్యాన్సర్‌కి దారి తీస్తుంది. యాంటీబయాటిక్స్‌తో పోతుంది. 2005లో ఇద్దరికీ నోబెల్ వచ్చింది.

హెపటైటిస్ బి కథ ఇంకా ముఖ్యం. పుట్టగానే ఈ వైరస్ సోకిన పసిపిల్లల్లో 90 శాతం మందిలో అది జీవితాంతం ఉండిపోతుంది, ఎందుకంటే వాళ్ళ పహరా దాన్ని తరమలేదు. పెద్దయ్యాక సోకితే చాలామంది ఒళ్ళు దాన్ని తరిమేస్తుంది. ఉండిపోయినవాళ్ళ లివర్‌లో దశాబ్దాల మంట, తర్వాత సిరోసిస్, తర్వాత క్యాన్సర్. తైవాన్ 1984లో పసిపిల్లలకి టీకా మొదలుపెట్టింది. 6 నుంచి 14 ఏళ్ళ పిల్లల్లో లివర్ క్యాన్సర్ దాదాపు సగానికి తగ్గిందని 1997లో ప్రకటించారు.

అదే 1997లో మన హైదరాబాద్‌లో కె.ఐ. వరప్రసాద్ రెడ్డి స్థాపించిన శాంతా బయోటెక్నిక్స్ సొంత హెపటైటిస్ బి టీకాని విడుదల చేసి ధరని సామాన్యుడికి అందేలా దించింది. కంపెనీకి ఆయన తల్లి పేరు పెట్టుకున్నారు. పెట్టుబడి పెట్టి ఆదుకున్నవారిలో ఒమాన్ విదేశాంగ మంత్రి యూసుఫ్ బిన్ అలావీ ఉన్నారు. ఈ సంగతి మన పిల్లలకి చెప్పండి.

దీనికి ఇంకో వైపు కూడా ఉంది. మంట చెడ్డదైతే దాన్ని అణిచే గోళీ రోజూ వేసుకుంటే సరిపోదా? 2017లో వెలువడిన కాంటోస్ అనే పెద్ద పరీక్షలో, గుండెపోటు వచ్చినవాళ్ళకి మంటని అణిచే ఒక ఇంజెక్షన్ ఇచ్చారు. ఎక్కువ మోతాదు తీసుకున్నవాళ్ళలో ఊపిరితిత్తుల క్యాన్సర్ మరణాలు బాగా తగ్గాయి. కానీ ప్రాణాంతకమైన ఇన్ఫెక్షన్లు పెరిగాయి. ముదిరిన క్యాన్సర్ ఉన్నవాళ్ళకి అదే మందు ఇస్తే ఆయుష్షు పెరగలేదు. 2018లో ఆస్ప్రీ అనే పరీక్షలో, 19,000 మందికి పైగా ఆరోగ్యంగా ఉన్న ముసలివాళ్ళని తీసుకుని సగంమందికి రోజూ ఆస్పిరిన్ ఇచ్చి చూశారు. వాళ్ళలో క్యాన్సర్ మరణాలు తగ్గకపోగా పెరిగాయి. కాబట్టి డాక్టర్ చెప్పకుండా అబ్బాజాన్‌కి ఆస్పిరిన్ మొదలుపెట్టకండి. ‘ఇమ్యూనిటీ పెంచే’ పొడులు, మాజూన్‌లు అమ్మేవాళ్ళని కూడా ఒక్క మాట అడగండి: ఏ చౌకీదారుని పెంచుతున్నారు? దొంగని పట్టేవాడినా, మొహల్లాకి నిప్పు పెట్టేవాడినా? ఇద్దరూ ఒకే ఫౌజ్‌లోవాళ్ళు.

మనం చెయ్యగలిగింది

మంట పుట్టే చోటనే ఆపడం ఉత్తమం. గుట్కా, జర్దా, ఖైనీ, బీడీ, సిగరెట్ మానాలి. ఒట్టి వక్క కూడా అమాయకం కాదు. వక్క క్యాన్సర్ కారకమని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2004లో తేల్చింది. షాదీ దావత్‌లో పాన్ మర్యాద అనుకునే మనం ఇది ఆలోచించాలి. ఒళ్ళు పెరిగితే కొవ్వే మంట పుట్టిస్తుందని 1993లో తుర్కీకి చెందిన శాస్త్రవేత్త గోఖాన్ హోతామిష్లిగిల్ అమెరికాలో చూపించాడు. నడక, అదుపులో తిండి కూడా ఇలాజే. పుట్టిన బిడ్డకి హెపటైటిస్ బి టీకా మొదటి రోజే వేయించండి. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కి కారణం పాపిలోమా వైరస్ అని చూపించినందుకు హరాల్డ్ జుర్ హౌసెన్‌కి 2008లో నోబెల్ వచ్చింది. దానికీ టీకా ఉంది. బేటీల విషయం డాక్టర్‌తో మాట్లాడండి, షరం పడకండి.

క్యాన్సర్ ముట్టుకుంటే అంటదు. గిన్నె, గ్లాసు వేరు పెట్టడం జుల్మ్. అది ఎవరి గునాహ్‌కీ సజా కాదు.

ఇంట్లో బుజుర్గులకి మూడు వారాలకి మించి మానని పుండు, నోట్లో తెల్ల లేక ఎర్ర మచ్చ, రొమ్ములో గడ్డ, బహిష్టు ఆగాక మళ్ళీ ఖూన్, మింగుడు పడకపోవడం, కారణం లేకుండా బరువు తగ్గడం కనిపిస్తే చూపించండి. అమ్మీ చెప్పుకోదు. ‘నాకేం కాలేదు బేటా, ఉమర్ తఖాజా’ అంటుంది. అప్పుడు ఆమె మాట వినకండి. హైదరాబాద్ రెడ్ హిల్స్‌లో 1955 నుంచి ఒక సర్కారీ క్యాన్సర్ దవాఖానా ఉంది. దాని పేరులోని మెహదీ నవాజ్ జంగ్ తర్వాత గుజరాత్‌కి మొదటి గవర్నర్ అయ్యారు. గరీబులకి తలుపు తెరిచి ఉండాలనే ఇలాంటి దవాఖానాలు కట్టారు. వెళ్ళడానికి ఆలస్యం చెయ్యకండి.

కుర్తుబా జర్రాహ్ తన చేతగానితనాన్ని ఒప్పుకుంటూ రాసింది పాతబడిన గడ్డ గురించి. చిన్నగా ఉన్నప్పుడు కోసి తీసెయ్యొచ్చనే ఆయన కూడా రాశాడు. వెయ్యేళ్ళ ఇల్మ్ దానికి ఎన్నో చేర్చింది, ఆ మాటని మాత్రం కొట్టెయ్యలేదు. వయసు బాకీ అడగడం ఖాయం. ఎంత అడుగుతోందో, ఎందుకు అడుగుతోందో తెలుసుకోవడానికి ఈ వారమే ఒకసారి దవాఖానాకి తీసుకెళ్ళండి.

అల్లాహ్ మన బుజుర్గులందరికీ షిఫా ప్రసాదించుగాక. ఆమీన్.